దవాఖాన బోర్డు చదివే తీరు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పొద్దున పదింటికి బస్సు దిగేవాళ్లలో దవాఖానకు వచ్చినవాళ్లు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. చేతిలో బట్టల షాపు కవర్ ఉంటుంది, అందులోంచి ఎక్స్‌రే ఫిల్ము మూల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, సగం వాడిన గోలీల పట్టీ, అన్నీ అందులోనే. దేవరకొండ నుంచో మునుగోడు నుంచో వచ్చిన ఆ మనిషి రెండు పక్కలా బోర్డులు చూసుకుంటూ నడుస్తాడు. చూస్తాడు గానీ చదవడు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో ఊళ్లోనే తేలిపోయి ఉంటుంది. ఆర్ఎంపీ చెప్పిన పేరో, మేనబావకు ఆపరేషన్ చేసినాయన పేరో నోట్లో నానుతుంటుంది. ఆ పేరు ఎక్కడుందో చూపించడం వరకే బోర్డు పని. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో అయినా, మెట్టుగడ్డ వైపైనా ఇదే వరస.

పేరు వెనక ఉన్న పొడి అక్షరాలు ఎవరికీ పట్టవు. రోగికి కావాల్సిన సంగతి చాలావరకు వాటిలోనే ఉంటుంది, కానీ అవి రోగి చదవడానికి రాసినట్టుండవు.

ఈ జిల్లాల్లో డాక్టరును ఎంచుకునే అసలు కొలమానం హస్తవాసి. "ఆయన చెయ్యి మంచిది" అన్నారంటే ఇక తిరుగులేదు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువే, కానీ సబబు కాదు. ఒక ఊరు ఇరవై ఏళ్లుగా ఒకే దవాఖానకు పోతుంటే, ఎవరు బాగై ఇంటికొచ్చారో, ఎవరు ఆరు నెలలు మంచాన పడ్డారో ఊరికి గుర్తుంటుంది. ఆ గుర్తుకు విలువ ఉంది. చిక్కెక్కడంటే, ఊరికి డాక్టరు పేరు గుర్తుంటుంది, ఏ జబ్బుకు బాగు చేశాడన్నది గుర్తుండదు. కాన్పులు చక్కగా చేసే డాక్టరమ్మ చెయ్యి థైరాయిడ్‌కూ పనిచేస్తుందనుకుంటారు. విరిగిన కాలు అతికించినాయన దగ్గరికే చేతుల తిమ్మిర్లకూ పోతారు. ఆ చెయ్యి ఏ పనిలో తర్ఫీదైందో చెప్పేది డిగ్రీ.

బోర్డు మీద ఏముండాలో రాసిపెట్టిన నిబంధనలు ఉన్నాయి. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనలవి. ఆ మండలి పోయి 2020 సెప్టెంబర్ 25న జాతీయ వైద్య కమిషన్ వచ్చింది, 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు అచ్చయ్యాయి, అదే నెలలో వాటిని పక్కన పెట్టారు. అందుకే పాతవే నడుస్తున్నాయి. వాటి ప్రకారం బోర్డు మీద పేరు, విశ్వవిద్యాలయమో చట్టబద్ధ సంస్థో ఇచ్చిన డిగ్రీలు, బిరుదులు, విభాగం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆ నంబరిచ్చిన రాష్ట్ర మండలి పేరు ఉండాలి. అంతకుమించి ఉండకూడదు. బోర్డు అసాధారణంగా పెద్దదై ఉండకూడదు. మందుల షాపుకు డాక్టరు బోర్డు తగిలించడం, తాను పనిచేయని చోట బోర్డు పెట్టడం తప్పు. చీటీ మీద అచ్చు వేసేదీ ఈ వివరాలే. ఈ లెక్కన హైదరాబాద్ రోడ్డు పొడుగునా కనిపించే ఫ్లెక్సీల్లో ఎన్ని నిలుస్తాయో దారిన పోతూ చూసుకోవచ్చు. నిలువెత్తు ఫొటో ఉంటుంది, 'సుప్రసిద్ధ' అని ఉంటుంది, దసరా శుభాకాంక్షలు కూడా ఉంటాయి. నంబరు ఉంటే కింద మూలన చీమ తలకాయంత ఉంటుంది.

డిగ్రీల్లో మొదటిది ఎంబీబీఎస్, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దానిమీద ఎండీ గానీ ఎంఎస్ గానీ మూడేళ్లు. స్థూలంగా చెప్పాలంటే మందులతో చూసే విభాగాలకు ఎండీ, కత్తి పట్టే విభాగాలకు ఎంఎస్. కాన్పుల విభాగంలో ఎండీ ఉన్నవాళ్లూ ఉన్నారు, ఎంఎస్ ఉన్నవాళ్లూ ఉన్నారు, రెండూ ఒకటే. ఆ పైన మందుల వైపు డీఎం, కత్తి వైపు ఎంసీహెచ్, ఇంకో మూడేళ్లు. ఇంటర్ తర్వాత లెక్కేస్తే గుండె డాక్టరో కిడ్నీ డాక్టరో తయారయ్యేసరికి పదకొండున్నరేళ్లు, అదీ మధ్యలో ఒక్క ప్రవేశ పరీక్ష కూడా పోకుండా ఉంటేనే.

డీఎన్‌బీ అని ఉంటే చాలామంది చిన్నచూపు చూస్తారు. అదేదో డిప్లొమా అనుకుంటారు. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఆ పట్టా ఎండీ, ఎంఎస్‌లకు సమానం. మెడికల్ కాలేజీలో కాకుండా ఎక్కువగా పెద్ద ఆసుపత్రుల్లో పనిచేస్తూ చేస్తారు, అంతే తేడా. నిజమైన డిప్లొమాలు వేరే: కాన్పులకు డీజీవో, పిల్లలకు డీసీహెచ్, మత్తుకు డీఏ, చెవి ముక్కు గొంతుకు డీఎల్‌వో. ఇవి రెండేళ్లవి. వయసు మళ్లిన డాక్టర్ల బోర్డుల మీదే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే తర్వాత కాలంలో కాలేజీల్లో ఈ సీట్లను డిగ్రీ సీట్లుగా మార్చేశారు. ముప్పై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న డీజీవో డాక్టరమ్మను మొన్న ఎంఎస్ ముగించిన అమ్మాయి కంటే ఒక మెట్టు కింద పెట్టడానికి ఆధారమేమీ లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒంటరి ఎండీ దగ్గర. ఎండీ పక్కన విభాగం పేరు ఉండి తీరాలి. జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, చర్మవ్యాధులు ఎట్లా ఎండీలో, పాథాలజీ, ఫార్మకాలజీ కూడా అట్లాగే ఎండీలు. అవి ల్యాబులకు, బోధనకు పనికొచ్చే గట్టి చదువులే, కానీ జ్వరమొచ్చిన మనిషిని చూసే చదువులు కావు. ఆయుర్వేదంలో ఎండీ ఉంది, హోమియోలో ఎండీ ఉంది. ఇక రష్యా, ఆ చుట్టుపక్కల దేశాల్లో చదివినవాళ్లకు అక్కడి విశ్వవిద్యాలయాలు మొదటి పట్టాకే ఎండీ ఫిజీషియన్ అని పేరు పెడతాయి. ఇక్కడి లెక్కలో అది ఎంబీబీఎస్‌తో సమానం. అలా చదివి వచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే 2002 నుంచి జరుగుతున్న స్క్రీనింగ్ పరీక్ష నెగ్గాలి, 300 మార్కులకు 150 రావాలి. ఎందరో ఒకటికి రెండుసార్లు రాస్తే గానీ దాటలేని పరీక్ష అది. నెగ్గినవాళ్ల చదువును తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ ఎండీని ఒట్టి ఎండీగా రాసి మూడేళ్ల స్పెషలిస్టులా కనిపించే బోర్డును మాత్రం నమ్మకూడదు.

తోకల్లో మిగిలినవి గబగబా చూడొచ్చు. ఫెలోషిప్ అనే మాట కింద ఆసుపత్రిలో రెండేళ్లు రాత్రింబవళ్లు ఉండి చేసేవీ ఉన్నాయి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ముగించేవీ ఉన్నాయి. 'మాజీ రిజిస్ట్రార్, ఉస్మానియా' అంటే పనిచేసిన చోటు, పట్టా కాదు. సంఘాల సభ్యత్వం చందా కడితే వచ్చేది. ఒక విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా ఆ విభాగంలో స్పెషలిస్టునని చెప్పుకోకూడదని అవే 2002 నిబంధనలు అంటున్నాయి. ఎంబీబీఎస్ పక్కన ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టుకుని 'షుగర్, గుండె వ్యాధి నిపుణులు' అని రాసుకున్న బోర్డులకు ఆ వాక్యం సరిగ్గా తగులుతుంది.

డిగ్రీ చూసినా సరైన డాక్టరు దగ్గరికి చేరకపోవడం ఇంకో తంటా. 'కిడ్నీ డాక్టరు' అనే మాటే తీసుకుంటే, రాయి అడ్డుపడి నొప్పి వస్తుంటే చూడాల్సింది యూరాలజీలో ఎంసీహెచ్ చేసిన సర్జన్. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతూ కాళ్లు, మొహం వాస్తుంటే నెఫ్రాలజీలో డీఎం. ఈ ఇద్దరి బోర్డుల మీదా కిడ్నీ బొమ్మే ఉంటుంది. 'నరాల డాక్టరు' కూడా అంతే. మూర్ఛకూ పక్షవాతానికీ న్యూరాలజీ డీఎం, మెదడులో గడ్డకు న్యూరోసర్జరీ ఎంసీహెచ్. నల్లగొండ జిల్లాకు ఇందులో తనదైన బాధ ఒకటుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు పక్కల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి ఇప్పుడు వయసు మీదపడింది. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు పట్టేస్తాయి. ఎముకల డాక్టరు దగ్గరికి పోతారు, అది సరైనదే. కానీ వెన్నులో ఎముక మందమై లోపలి నరాల తాడును నొక్కడం మొదలైతే కాళ్లలో బలం తగ్గుతుంది, చెప్పు జారిపోయినా తెలియదు, మూత్రం మీద పట్టు పోతుంది. ఆ దశలో మోకాలికి సూది వేయించుకుంటూ నెలలు గడపడం కంటే న్యూరో వైపు తిరగడం అవసరం. మంచి ఎముకల డాక్టరు తానే చీటీ రాసి పంపుతాడు. పంపాడా లేదా అన్నది ఆయన డిగ్రీ కంటే ఎక్కువ చెబుతుంది.

పేరు ముందు 'డా.' ఉన్నవాళ్లందరిదీ ఒకే చదువు కాదన్నది కొత్త సంగతి కాదు, కానీ ఆచరణలో మరచిపోతుంటారు. పంటి డాక్టరు బీడీఎస్, ఆయుర్వేదం బీఏఎంఎస్, హోమియో బీహెచ్ఎంఎస్, యునానీ బీయూఎంఎస్. ఎవరి మండలి వాళ్లది, ఎవరి రిజిస్టరు వాళ్లది. హోమియోలో రిజిస్టరైన ఒక వైద్యుడు అల్లోపతి మందులు ఇవ్వగా రోగి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. తాను చదవని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని, దానికి వేరే రుజువు అక్కర్లేదని అందులో తేల్చింది. పూనమ్ వర్మ కేసుగా అది ఇప్పటికీ కోర్టుల్లో వినిపిస్తుంది.

ఇక ఆర్ఎంపీ. చట్టం భాషలో ఈ మూడక్షరాలకు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మండలి పుస్తకంలో పేరెక్కిన అసలు డాక్టరు. తెలంగాణ పల్లెలో అవే మూడక్షరాలు డిగ్రీ లేకుండా సూది వేసే ఊరి వైద్యుడికి పేరైపోయాయి. ఒక మాట ఇంతగా తలకిందులు కావడం అరుదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా రాత్రి రెండింటికి తండాలో పిల్లకు వాంతులైతే తలుపు తట్టేది ఆయన ఇంటికే. ఆ వాస్తవం మీద ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. డాక్టరు ఎంపికకు సంబంధించినంతవరకు ప్రశ్న వేరే: ఆయన రాసిచ్చిన పెద్ద డాక్టరు పేరు ఎంతవరకు నమ్మాలి? రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నిబంధనల్లో తప్పుల జాబితాలోనే ఉన్నాయి. ఆ సిఫారసు మంచికే చేసి ఉండొచ్చు. అయినా పేరు దొరికింది కాబట్టి నంబరు కూడా చూసుకుంటే పోయేదేం లేదు.

ఆ చూడటం ఇప్పుడు ఇంటర్ చదివే పిల్ల ఫోనులో రెండు నిమిషాల్లో అయ్యే పని. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో భారత వైద్య రిజిస్టరు ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉంది. పేరుతో గానీ నంబరుతో గానీ మండలి పేరుతో గానీ వెతకొచ్చు. శ్రీనివాస్ అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి, అందుకే నంబరుతో వెతకడం మేలు. వచ్చిన వరసలో తండ్రి పేరు, రిజిస్టరైన ఏడాది, ఏ విశ్వవిద్యాలయం పట్టా అన్నవి ఉంటాయి. రాష్ట్రం విడిపోకముందు చదివినవాళ్లవి చాలావరకు విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టాలు, నంబరు ఆంధ్రప్రదేశ్ మండలిదై ఉండొచ్చు. అందులో అనుమానించాల్సిందేమీ లేదు. తర్వాతివాళ్లవి వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయానివి, తెలంగాణ మండలి నంబర్లు. ఎండీ, ఎంఎస్‌లను కూడా విడిగా రిజిస్టరులో ఎక్కించుకోవాలి, కాబట్టి బోర్డు మీద మూడు డిగ్రీలుండి రిజిస్టరులో ఒకటే కనిపిస్తే అడగాల్సిన మాటే. అయితే సైట్‌లో పేరు దొరకలేదని వెంటనే దొంగ డాక్టరని ముద్ర వేయకూడదు. స్పెల్లింగ్ తేడా ఉంటుంది, ఇంటిపేరు ముందో వెనకో ఉంటుంది, కొత్తగా ఎక్కిన డిగ్రీలు సైట్‌లోకి రావడం ఆలస్యమవుతుంది. హైదరాబాద్ కోఠిలోని తెలంగాణ మండలి ఆఫీసులో అడిగితే తేలుతుంది.

రిజిస్టరైన ఏడాది ఇంకో పనికీ వస్తుంది. బోర్డు మీద '20 ఏళ్ల అనుభవం' అని ఉండి, రిజిస్టరులో 2014 అని ఉంటే లెక్క కుదరదు. వేరే రాష్ట్రం నుంచి మారి వచ్చినవాళ్లకు మాత్రం కొత్త నంబరు రావడం వల్ల ఏడాది తర్వాతిదిగా కనిపించొచ్చు. కాలేజీల పుట్టిన తేదీలు కూడా ఇట్లాగే అక్కరకొస్తాయి. మహబూబ్‌నగర్ ఎస్వీఎస్, నార్కట్‌పల్లి కామినేని 1999 నుంచి ఉన్నాయి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో మొదలైంది, నల్లగొండది 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తివి 2022లో, గద్వాల, నారాయణపేటవి 2024లో. నల్లగొండ ప్రభుత్వ కళాశాల మొదటి బ్యాచ్ ఇంటర్న్‌షిప్ ముగిసేసరికే 2025 వచ్చింది. అక్కడ చదివి పదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవడమే.

డిగ్రీ సరే, నంబరు సరే. అప్పుడు ప్రాక్టీసు వివరాలు మొదలవుతాయి, ఇక్కడే జనం ఎక్కువగా దెబ్బతింటారు. ఫీజు ఎంతో బోర్డు మీద రాసిపెట్టాలని, వైద్యం మొదలయ్యాక కాకుండా ముందే చెప్పాలని నిబంధన. చాలాచోట్ల ఓపీ చీటీ రాసే అబ్బాయి నోటిమాటే బోర్డు. ఆ చీటీ ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా అక్కడే అడగాలి. వారమా, పదిహేను రోజులా అన్నది దవాఖానకో తీరు. పరీక్షల రిపోర్టు చూపించడానికి మళ్లీ వస్తే ఇంకోసారి ఫీజు కట్టాలా అన్నది అచ్చంపేట నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లకు చిన్న విషయం కాదు. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాకుండా జనరిక్ పేరుతో, అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో సవరణ వచ్చింది. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పినప్పుడు ఒట్టి చేతులతో పంపేస్తే, అక్కడ అన్ని పరీక్షలూ మొదటి నుంచి చేయించుకోవాల్సి వస్తుంది.

ఆరోగ్యశ్రీ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. కాబట్టి పాలమూరు జనానికి ఇది పాత పరిచయమే. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చేది మాత్రం విభాగాల వారీగా. ఎముకల ఆపరేషన్లకు ఉన్న చోట కిడ్నీ రాళ్లకు లేకపోవచ్చు. అందుకే అడగాల్సింది రిసెప్షన్‌లో కాదు, పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గర, జబ్బు పేరు చెప్పి.

ఆపరేషన్ దాకా వస్తే సర్జన్ పేరుతో పాటు మత్తు డాక్టరు పేరు కూడా అడగాలి. చిన్న నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు అక్కడి ఉద్యోగి కాదు. ఫోన్ చేస్తే స్కూటర్ మీద వచ్చి, ఒకచోట ముగించుకుని ఇంకోచోటికి పోతాడు. అందులో తప్పేమీ లేదు, చిన్న పట్టణాల్లో ఆపరేషన్లు నడిచేది వాళ్ల మీదే. ఆయన ముందురోజే వచ్చి రోగిని చూస్తాడా, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నాయేమో అడుగుతాడా, ఆపరేషన్ అయ్యాక రోగి తెలివిలోకి వచ్చేదాకా ఉంటాడా అన్నవి తెలుసుకోవాల్సిన సంగతులు. బోర్డు మీద సాధారణంగా ఆయన పేరే ఉండదు.

చివరగా ఆదివారం డాక్టర్లు. నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు, అటూ ఇటూగా. పొద్దున కారెక్కితే పదింటికల్లా ఓపీ మొదలుపెట్టొచ్చు. 'ప్రతి ఆదివారం హైదరాబాద్ నుండి వచ్చు' అని రాసి ఉండే గుండె, కిడ్నీ, న్యూరో డాక్టర్ల వల్ల ఈ జిల్లాలకు నిజంగా మేలే జరిగింది. జిల్లాలో డీఎం, ఎంసీహెచ్ చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న రోజుల్లో రోగికి ఒక రోజు కూలీ, ఇద్దరి బస్సు చార్జీలు, పట్నంలో దారి తెలియక తిరిగే తిప్పలు తప్పాయి. మందులు మార్చి రాయించుకోవడానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఆపరేషన్‌కు సరిపోతుందా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం రాయి తీసి సాయంత్రం తిరుగు ప్రయాణం కట్టిన సర్జన్ రోగికి సోమవారం రాత్రి చలిజ్వరం వస్తే చూసేదెవరు?

ఈ ప్రశ్న ఆపరేషన్ తేదీ రాయించుకునేటప్పుడే అడగాలి. "ఇక్కడే ఉండే ఫలానా సర్జన్ చూస్తారు, ఇదీ నంబరు" అని చీటీ వెనక రాసిస్తే ఇబ్బంది లేదు. "సార్‌తో ఫోన్‌లో మాట్లాడి చెబుతాం" అంటే ఆ మాట్లాడేది డాక్టరా, నర్సా అని ఇంకో ప్రశ్న అడగాలి. "ఏం కాదులే, భయపడకు" అంటే కవర్‌లోకి కాగితాలు సర్దుకుని ఇంకోచోట అడిగి రావడానికి తేదీ దాకా టైం ఉంటుంది.